తుపాకీ రాళ్ళు

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పొలాల్లో దొరికింది ఏదైనా సరే, రాయి కానీ, కుండపెంకు కానీ, తుప్పుపట్టిన ఇనప ముక్క కానీ, అదేమిటో తేలేవరకూ గడప దాటి లోపలికి రాకూడదు. వరండాలో చెప్పుల స్టాండు పక్కన సొట్టలుపడిన పాత పళ్ళెం ఒకటుంటుంది. దాంట్లోనే పడుండాలి. వెతికి తేవడం మొగుడి వంతు, ఇది ఫలానా అని చెప్పడం పెళ్ళాం వంతు.

మొగుడు లిఫ్టు మెకానిక్. పెళ్ళాం పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. వీధిలో వాళ్ళని లిఫ్టాయన, పళ్ళావిడ అనే పిలుస్తారు. ఆదివారం వచ్చిందంటే లిఫ్టాయన ఊరి చివర దున్నిన పొలాల్లో తేలతాడు. వాన వెలిసిన మర్నాడైతే ఇంక చెప్పక్కర్లేదు. చేతిలో లోహాన్ని పసిగట్టే మిషను, తల కిందికి, నడక చాళ్ళ వెంట.

"మీ అన్నయ్య ఏం పారేసుకున్నాడో గానీ, పెళ్ళయినప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నాడమ్మా" అని పళ్ళావిడ ఒకసారి ఆడపడుచు దగ్గర వాపోయింది.

"బుద్ధి, వదినా" అంది ఆడపడుచు తడుముకోకుండా. "నువ్వొచ్చాక ఇంక అది దొరకదులే."

ఆడపడుచు పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆవిడ మాటకి కత్తెర కూడా సరిపోదు.

పళ్ళావిడకి రాళ్ళ సంగతి ఎవరూ నేర్పలేదు. అరుగుదల చూడటం ఆవిడ వృత్తి. పన్ను ఒకటి చేతిలో పెడితే దీపం కింద అటూ ఇటూ తిప్పి, ఈ మనిషి కుడివైపు నములుతాడు, నిద్రలో పళ్ళు కొరుకుతాడు, దారం నోటితో తెంపే అలవాటుంది అని చెప్పేస్తుంది. రాయి అంచైనా అంతే. తోలు గీకితే ఒకలా అరుగుతుంది, ఎముక కోస్తే ఇంకోలా. పుస్తకాలు తెచ్చుకుని చదివింది, మ్యూజియంలో అద్దాల ముందు గంటలకొద్దీ నిలబడింది. అలా ఆ విద్య పట్టుబడింది.

ఈసారి ఆయన తెచ్చినవి తేనెరంగు రాళ్ళు. బొటనవేలి గోరుకంటే కొంచెం పెద్దవి, చదరంగా, ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉన్నాయి. కాలవ గట్టు పక్కన కొత్తగా దున్నిన పొలంలో దొరికాయన్నాడు.

"ఒక్కచోటే ఉన్నాయా?"

"ఒక్క వరసలో ఉన్నాయి. అడుగుకొకటి, ఎవరో విత్తనం వేసినట్టు."

ఇన్నేళ్ళుగా పళ్ళెంలోకి వచ్చినవన్నీ నిన్నమొన్నటి గుండీలు, లాడాలు, పగిలిన పింగాణీ. ఇనుము తెలియని కాలపు మనిషి చేతి పనిముట్టు ఒక్కటంటే ఒక్కటి దొరకాలని ఆవిడకి ఎప్పట్నుంచో కోరిక. ఆకలేసినవాడికి అన్నీ అన్నం ముద్దల్లాగే కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చూసింది. అంచులు నలిగి, చిన్నచిన్న పెచ్చులు లేచి ఉన్నాయి. తోలు గీకినవైతే అంచు నున్నబడాలి కదా అని ఒక్క క్షణం అనిపించింది. అక్కడక్కడా తుప్పురంగు చారలు ఉన్నాయి. మట్టి మరకలే అనుకుంది.

"గీకుడు రాళ్ళండీ" అంది. "వేటాడిన జంతువు తోలు శుభ్రం చేసుకునేవి. వేల ఏళ్ళ నాటివి."

ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. రాళ్ళు గడప దాటాయి. ముందుగదిలో అద్దాల బీరువాలో, మంచి కప్పుల పక్కన, నీలం గుడ్డమీద కూర్చున్నాయి.

ఆ తర్వాత ఒకరోజు ఆవిడ ల్యాబ్‌నుంచి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఇల్లంతా లైట్లు వెలుగుతున్నాయి, స్నానాలగదిలో కూడా. వంటింట్లోంచి గ్యాస్ లైటర్ చప్పుడు వినిపించింది. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్.

టీ పెడుతున్నారేమో, ఈరోజు సూర్యుడు ఎటు పొడిచాడో అనుకుంటూ లోపలికి వెళ్ళింది. పొయ్యిమీద ఏమీ లేదు. ఆయన పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎడమ కాలు ముందుకి, కుడి భుజం వెనక్కి. లైటర్ పెరటివైపు చాచి నొక్కుతున్నాడు. నిప్పురవ్వ మెరిసి పోతోంది. మళ్ళీ నొక్కుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడలేదు. తల కూడా తిప్పలేదు. "ఏం లేదు. ఇంకా దూరంగానే ఉందిలే."

"ఏది?"

అప్పుడు తిరిగి చూశాడు. తను ఏమన్నాడో తనకే తెలియనట్టు మొహం పెట్టాడు. "ఏదేమిటి? ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు."

అది మొదలు, రోజూ అదే వరస. పొద్దుగూకితే చాలు, పెరటి గుమ్మం, లైటరు. నిద్రలో పళ్ళు పటపటా కొరకడం మొదలైంది. పాతికేళ్ళుగా పక్కన పడుకుంటున్న మనిషి, గురకే తప్ప ఆ చప్పుడు ఎరగదు ఆవిడ. ఒక ఉదయం నోరు తెరిపించి దీపం వేసి చూసింది. ముందుపళ్ళ అంచులు బల్లపరుపుగా అరుగుతున్నాయి. ఏళ్ళు పట్టాల్సిన అరుగుదల అది. ల్యాబ్‌లో రాత్రిపూట పెట్టుకునే తొడుగు ఒకటి చేసి తెచ్చింది. కొన్నాళ్ళకే అది రెండు ముక్కలైంది.

ఇంకొన్నాళ్ళకి తోటి మెకానిక్ ఆయన్ని ఆటోలో ఇంటికి తీసుకొచ్చాడు. మధ్యాహ్నం వేళ. ఆయన మంచంమీద అటు తిరిగి పడుకున్నాడు. ఆ తోటి మెకానిక్ వరండాలో నిలబడి, నీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకునే ఉండిపోయాడు.

"ఏమైందన్నయ్యా?"

"ఏం చెప్పనమ్మా. లిఫ్టు డబ్బా నెత్తిన నిలబడి పని చేస్తున్నాం. లిఫ్టు తిరిగే గూట్లో చీకటి ఎప్పుడూ ఉండేదే, చేతిలో లైటుంది. ఇతనున్నట్టుండి లైటు ఆర్పి, వేసి, ఆర్పి, వేసి... కిందికి వంగి చూస్తున్నాడు. డబ్బా కదిలింది. రెక్క పట్టుకుని లాగాను కాబట్టి సరిపోయింది. లేకపోతే గోడకీ డబ్బాకీ మధ్య..." అతను నీళ్ళు తాగేశాడు. "ఇంకోసారి ఇలాగే జరిగితే మనిషి దక్కడమ్మా. డాక్టరుకి చూపించు. మెదడుకి విశ్రాంతి కావాలో ఏమిటో."

డాక్టరు విశ్రాంతే రాశాడు, నిద్ర మాత్రలతో సహా. పగలు ఆయన్ని కనిపెట్టి ఉండటానికి ఆడపడుచు కుట్టుమిషనుతో సహా వచ్చి ముందుగదిలో మకాం వేసింది.

"మా అన్నయ్యకి దిష్టి తగిలింది వదినా."

"ఎవరి దిష్టి? వీధిలో అందరికంటే వెనకబడి ఉన్నది మనమేగా."

"అందుకే, ఇంత వెనకబడి ఎలా నవ్వుతున్నారా అని కుళ్ళు." ఆవిడ నవ్వించబోయింది గానీ తన నవ్వే సగంలో ఆగిపోయింది. గొంతు తగ్గించి అంది, "నిజం చెప్పనా? నిన్న చీకటి పడ్డాక అన్నయ్య పెరట్లోకి చూస్తుంటే నేనూ వెనకనుంచి చూశాను. ఏమీ లేదు. కానీ వాడి కళ్ళు... ఏమీ లేని చోటుని చూసే కళ్ళు కావవి. దేన్నో అంచనా వేసుకుంటున్నాడు. బస్సు ఎంత దూరంలో ఉందో చూస్తాం చూడు, అలాగ."

మర్నాడు బట్టలు నానబెట్టబోతూ ఆడపడుచే కేకేసింది. "వదినా, మీ ల్యాబ్ సరుకు అన్నయ్య జేబులోకెందుకు వచ్చింది? పన్నూ, దాని క్యాపూ."

పన్ను కాదు. ఇంకో తేనెరంగు రాయి. ఆవిడకి చూపించకుండా దాచుకున్నది. దాంతోపాటు వేలెడంత సీసపు రేకు, సగానికి మడిచినది, నొక్కులు పడి ఉంది.

ఆవిడ రెండూ అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. క్యాపుని పంటిమీద కూర్చోబెట్టడం ఆవిడ చేతులకి నిద్రలో కూడా వచ్చిన పని. మడత తెరిచి రాయి మందపు వైపు తొడిగింది. ఎత్తులో ఎత్తు, పల్లంలో పల్లం, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. రేకు పైనా కిందా గీతలు గీతలుగా కరిచిన గుర్తులున్నాయి. ఇనప దవడలు బిగించి పట్టుకున్న గుర్తులు.



వేల ఏళ్ళూ కాదు, తోళ్ళూ కాదు. పాతకాలపు తుపాకీకి గుర్రం అనే కొక్కెం ఉండేది. దాని దవడల మధ్య చెకుముకి రాయి బిగిస్తారు, జారిపోకుండా ఇలాగే సీసమో తోలో చుట్టి. మీట నొక్కితే కొక్కెం దూకి రాయి ఇనప రేకుని గీరుతుంది, రవ్వ లేస్తుంది, మందు అంటుకుంటుంది. ఆ అంచులు నలిగింది ఇనుముమీద. ఆ తుప్పు చారలు మట్టివి కావు, ఇనుమువి. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు కూడా పట్టుకునే అరుగుదల తేడాని ఆశకొద్దీ తను చూడనే లేదు.

బీరువాలోంచి రాళ్ళన్నీ తీసి ఒక్కోటీ మళ్ళీ చూసింది. ఒక్కటీ మధ్యలో పారేసింది కాదు. ఒక అంచు మొద్దుబారాక ఆ తుపాకీ పట్టినవాడు రాయి తిప్పి రెండో అంచు వాడాడు. అదీ అరిగాక పక్క అంచు. ఇంక పనికిరాదన్నాకే వదిలాడు. ఒక్కో రాయి ఎన్నో దెబ్బలకి వస్తుందని చదివింది ఆవిడ. అన్ని రాళ్ళు, ఒకే మనిషి, అడుగుకొకటి. జేబులో దొరికిన రాయి అంచు మాత్రం బ్లేడులా ఉంది. రెండు మూడు దెబ్బలకి మించి పడలేదు దానిమీద.

సాయంత్రం ఆయన లేచి కూర్చున్నాక, రాళ్ళ పళ్ళెం మంచంమీద పెట్టింది.

"తప్పు చెప్పానండీ. ఇవి తుపాకీ రాళ్ళు."

"తెలుసు" అన్నాడాయన.

"ఎప్పట్నుంచి?"

"సీసం దొరికిన రోజునుంచి. నువ్వు అంత సంతోషపడ్డావు, ఎలా చెప్పను?"

"అక్కడ గుళ్ళు ఏమైనా దొరికాయా? సీసపు గుళ్ళు?"

"ఎదురుగా పొలం మొత్తం మిషను తిప్పాను. గట్టుదాకా. ఒక్కటీ లేదు." ఆయన ఒక రాయి తీసుకుని వేళ్ళమధ్య తిప్పాడు. "అతని దగ్గర మందు లేదు. ఒట్టి రాయే కొట్టాడు."

"ఒట్టిగా ఎందుకు కొడతాడు?"

"చూడటానికి." ఆయన గొంతు మామూలుగానే ఉంది, కరెంటు బిల్లు సంగతి మాట్లాడుతున్నట్టు. "చీకటి. చేతిలో దీపం లేదు. కొడితే రెప్పపాటు వెలుగు. ఎదురుగా ఉన్నది ఎంతవరకూ వచ్చిందో కనపడుతుంది. ఒక అడుగు వెనక్కి వేస్తాడు. రాయి అరిగితే పారేసి ఇంకోటి బిగిస్తాడు. మళ్ళీ కొడతాడు."

ముందుగదిలో ఆడపడుచు మిషను ఆగిపోయింది. వింటోంది.

"ఇప్పుడది మన పెరట్లో ఉందా?" అని అడిగింది పళ్ళావిడ. తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

"బట్టల తీగదాకా వచ్చింది."

ఆవిడ ఆ పూటే రాళ్ళన్నిటినీ మూటకట్టి ఆడపడుచుతో కాలవలో వేయించింది. ఫలితం లేదు. ఆయన లైటరు వదల్లేదు. జేబులో దొరికిన ఆ చివరి రాయి మాత్రం ఎలా మిగుల్చుకున్నాడో, గుప్పిట్లో ఉండిపోయింది. తెరవమంటే తెరవడు. మూడో పూటకి ఆయనే పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వొకసారి చూసి చెప్పు" అన్నాడు. "నేను తెస్తాను, అదేమిటో నువ్వు చెప్తావు. ఇన్నేళ్ళూ అంతేగా. ఇదొక్కటీ నాకు తెలియట్లేదు. అది ఉందో లేదో, ఏమిటో చెప్పు చాలు. ఏదైనా సరే, నువ్వు చెప్తే తట్టుకుంటాను."

"పెరట్లోనా?"

"ఇక్కడ వీధి దీపాలున్నాయి, నీకు కనపడదు. అక్కడికే వెళ్ళాలి."

"పిచ్చెక్కిందా ఇద్దరికీ!" అంది ఆడపడుచు. "వదినా, వాడంటే జబ్బు మనిషి. నీకేమొచ్చింది?"

"జబ్బే అయితే అక్కడ ఏమీ కనపడదు. ఏమీ లేదని చెప్పి తీసుకొచ్చేస్తాను" అంది పళ్ళావిడ చెప్పులు వేసుకుంటూ.

"కనపడితే?"

ఆవిడ అప్పటికే గుమ్మం దిగింది.

కాలవ గట్టు చేరేసరికి పడమటి ఎరుపు ఆరిపోయింది. చంద్రుడు లేడు. స్కూటరు గట్టుమీద ఆపి ఇద్దరూ దుక్కిలోకి దిగారు. గడ్డలు కాళ్ళకింద చితుకుతున్నాయి. ఎక్కడో నీళ్ళ మోటారు చప్పుడు వినిపిస్తూ ఉండింది, వాళ్ళు ఆ చోటికి చేరగానే అదీ ఆగింది. ఆయన ఎడమ కాలు ముందుకి వేసి నిలబడ్డాడు. గుప్పిట తెరిచి రాయి తీశాడు. రెండో చేతిలో పాత రంపపు ముక్క.

"చూడు" అని కొట్టాడు.

రవ్వలు రాలాయి. గడ్డలు, వాటి నీడలు. ఇంకేమీ లేదు.

"చూశావా?"

"లేదు. మళ్ళీ కొట్టండి."

రెండోసారి, చాలా దూరంలో, మనిషెత్తు నలుపు. అక్కడ చెట్టు లేదని ఆవిడకి తెలుసు. మూడోసారి అది ఉన్నచోట లేదు, ఇవతల ఉంది. గడ్డలు చితికిన చప్పుడు మాత్రం లేదు. ఆవిడ మొగుడి చొక్కా పట్టుకుంది.

"కొట్టండి."

ఈసారి మొహం కనపడింది. నోరు తెరిచి ఉంది. ఆ రెప్పపాటులో ఎవరైనా కళ్ళు చూస్తారు. ఆవిడ పళ్ళు చూసింది, ఇన్నేళ్ళ అలవాటు. ముందుపళ్ళు బల్లపరుపుగా, చిగుళ్ళదాకా అరిగిపోయి ఉన్నాయి. కోరలు లేవు. అవి కరిచే పళ్ళు కావు. భయంతో రాత్రంతా ఒకదానిమీద ఒకటి అదుముకున్న పళ్ళు. ఇంట్లో, నెలరోజులుగా, ఆవిడ దీపం వేసి చూస్తున్న పళ్ళలాంటివే. దవడ ముందుకి చాచి ఉంది. మీద పడబోయేవాడు దవడ అలా చాచడు. ఎవరినైనా దూరంనుంచి గొంతెత్తి పిలిచేవాడు చాస్తాడు. గొంతు మాత్రం లేదు.

"చెప్పు" అన్నాడాయన. "ఏమిటది?"

"మనిషే" అంది ఆవిడ.

"మనిషా?"

"మనిషే. దారి తప్పినవాడు. పిలుస్తున్నాడు."

"ఎవర్ని?"

"వెలుగున్నవాళ్ళని. చీకట్లో అతనికి కనపడేది మన రవ్వ ఒక్కటే. దాన్ని చూసుకుంటూ వస్తున్నాడు." చెబుతుంటే ఆవిడకి మొత్తం తేటపడింది. ఆ తుపాకీవాడు చూద్దామని కొట్టాడు. కొట్టాడు కాబట్టి ఇతను దగ్గరికొచ్చాడు. దగ్గరికొచ్చాడని భయపడి మళ్ళీ కొట్టాడు. చివరి రాయిదాకా ఇద్దరూ ఒకరినొకరు అలాగే చంపుకున్నారు.

"ఇంక కొట్టకండి."

"ఒక్కసారి. ఎంత దగ్గరికొచ్చాడో..."

"వద్దన్నానా?"

ఆయన చెయ్యి లేచింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ విప్పింది. అచ్చులోంచి మైనం విప్పినట్టు, విరగకుండా, తొందరపడకుండా. రాయి జారి చాల్లో పడింది. రంపపు ముక్క కూడా లాక్కుని పారేసింది. తర్వాత ఆయన్ని కింద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, ఆయన తల తన భుజానికి ఆనించుకుంది.

చీకటి మొహానికి కప్పిన దుప్పటిలా ఉంది. చాలాసేపటికి ఎదురుగా ఊపిరి వినిపించింది. తడిమట్టి వాసన వచ్చింది. అది వెతుక్కుంటూ అటు కొంచెం, ఇటు కొంచెం జరిగింది. ఆవిడ తన ఊపిరి బిగబట్టింది. మొగుడి దవడ తన భుజంమీద నెమ్మదిగా వదులవడం తెలిసింది. పళ్ళు విడివడ్డాయి. చెయ్యి వెచ్చబడింది. నెలరోజుల తర్వాత మొదటిసారి ఆ చెయ్యి తనకి తెలిసిన చెయ్యిలా ఉంది.

"వెళ్ళిపోయాడా?" అన్నాడాయన, నిద్రలోంచి లేచినవాడి గొంతుతో.

ఊపిరి ఆవిడ ఎడమచెవి పక్కనే ఉంది.

"వెళ్ళిపోయాడు" అంది. "లేవండి, ఇంటికి పోదాం."

ఆయన తేలిగ్గా లేచాడు. చేతులు దులుపుకున్నాడు. ఇద్దరూ గట్టువైపు నడిచారు. గడ్డలు చితికాయి, ఆయన అడుగుకింద, ఆవిడ అడుగుకింద, తర్వాత కొంచెం వెనగ్గా ఇంకోసారి.

ఆవిడ తల తిప్పలేదు. మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుని, కాస్త గొంతు పెంచింది.

"మీ చెల్లెలి మిషను బెల్టు మళ్ళీ జారుతోందటండీ. రేపు చూసి పెట్టండి. మొన్న తెచ్చిన బెల్టు వదులుగా ఉందట. నేనన్నాను, ఆ షాపువాడు ఎప్పుడూ అంతే, సైజు అడక్కుండా చేతికందింది ఇస్తాడని..."

"వాడా? వాడికి నేను అప్పుడే చెప్పాను" అన్నాడాయన. నవ్వాడు కూడా.

"అదేగా! ఇంకా ఏమైందంటే..." అంటూ ఆవిడ ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. వంటింటి కుళాయి కారడం గురించి, పక్కింటివాళ్ళు గోడకి వేయించిన రంగు గురించి, వెనక అడుగు ఆయన చెవిన పడే ఖాళీ మిగలకుండా, గట్టెక్కేవరకూ, స్కూటరు వెనక సీటుమీద తను కాస్త ముందుకి జరిగి, వెనక ఇంకొకరికి చోటు వదిలి కూర్చునేవరకూ.